కంప్యూటర్ రూమ్ తాళం ఎవరి దగ్గర? గవర్నమెంట్ స్కూల్‌కి ఇంటర్నెట్ వచ్చిన కథ

ఈ ఎపిసోడ్‌ని ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ నుంచి మొదలుపెడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, హైదరాబాద్ పక్కన ఉండే ఇబ్రహీంపట్నం కాదండి. మన విజయవాడ పక్కది, కృష్ణ ఒడ్డున ఉన్నది. విజయవాడలో హైదరాబాద్ బస్సెక్కితే భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటాక వస్తుంది. ఇక్కడి నుంచి ఒక రోడ్డు హైదరాబాద్ వెళ్తుంది, ఇంకోటి మైలవరం మీదుగా తిరువూరు వైపు వెళ్తుంది.

ఇబ్రహీంపట్నం అనగానే మనకి ఏం గుర్తొస్తాయి? థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు. ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం. పక్కనే కొండపల్లి, ఆ బొమ్మలు. కానీ ఈ ఊళ్లో ఇంకోటి కూడా ఉంది, దాని మీద ఎవరూ రీల్స్ చేయరు. రాష్ట్రం విడిపోయాక పాఠశాల విద్యాశాఖ కమిషనర్ ఆఫీసుని హైదరాబాద్ నుంచి తెచ్చి ఇక్కడే, వీటీపీఎస్ రోడ్డులో పెట్టారు. శ్రీకాకుళం చివర ఊళ్లో ఉన్న బడి కావచ్చు, హిందూపురం పక్క బడి కావచ్చు, 40 వేలకు పైగా గవర్నమెంట్ స్కూళ్లకి ఏళ్ల తరబడి ఆర్డర్లు వెళ్లింది ఈ ఊరి పేరు మీదే. ఏ యాప్ వేసుకోవాలి, ఏ ఫొటో పెట్టాలి, ఏ వీడియో చూపించాలి, అన్నీ.

అందుకే ఈ కథ చెప్పడానికి ఈ ఊరే కరెక్ట్ అనిపించింది. ఈరోజు ప్రశ్న చాలా సింపుల్. ఇంటర్నెట్ మీ జేబులోకి వచ్చేసింది. మరి గవర్నమెంట్ స్కూల్ క్లాస్‌రూమ్‌లోకి ఎప్పుడు వచ్చింది? ఎలా వచ్చింది? అసలు వచ్చిందా?

ముందు నా సంగతి ఒక్క నిమిషం చెబుతాను, ఎందుకంటే ఈ డౌట్ నాకు అక్కడే పుట్టింది. నేను చదివింది కృష్ణా డెల్టాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. 2009లో నేను ఎనిమిదో తరగతి. మా బళ్లో ఒక గదికి కొత్తగా సున్నం వేశారు, కిటికీలకి గ్రిల్ పెట్టారు, లోపల పది పదకొండు కంప్యూటర్లు దించారు. చెప్పులు బయట విప్పి వెళ్లాలి. ఒక్కో కంప్యూటర్ దగ్గర నలుగురం. మౌస్ ఒకడి చేతిలో, మిగతా ముగ్గురం వాడి భుజం మీద నుంచి చూడటం. పీరియడ్ అయిపోగానే మళ్లీ గుడ్డ కవర్లు కప్పేసి తాళం వేసేవారు. దసరాకి బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మలు పెడతారు చూడండి, చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు, అచ్చం అలాగే. ఆ కంప్యూటర్లలో నెట్ ఉందా అని ఒకరోజు సార్‌ని అడిగాను. "నీకెందుకురా అది, ముందు పెయింట్ నేర్చుకో" అన్నారు.

ఆ సార్‌ని నేను తప్పుపట్టట్లేదు. ఆయనకే ఆ గది తాళం ఇవ్వలేదని తర్వాత తెలిసింది. ఈ తాళం మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. మన దేశంలో బడికి కంప్యూటర్ రావడం 2000ల తర్వాత మొదలైంది అనుకుంటాం. అంతకన్నా చాలా ముందే. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. బ్రిటన్ నుంచి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు తెప్పించి కొన్ని వందల స్కూళ్లలో పెట్టారు. అప్పటికి మనకి ఇంటర్నెట్ లేదు. 1986లో ఐఐటీల్లాంటి పెద్ద సంస్థలని కలపడానికి ఎర్నెట్ అనే నెట్‌వర్క్ మొదలైంది. మామూలు జనానికి నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. అది కూడా ముందు నాలుగు మహానగరాల్లో. ఫోన్ లైన్‌లో కీచుమని శబ్దం వచ్చి కనెక్ట్ అయ్యేది. ఏడాదికి వేల రూపాయలు కట్టాలి. అప్పట్లో హైస్కూల్ హెడ్మాస్టర్ గదిలో ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటేనే గొప్ప.

ఆ తర్వాత మూడేళ్లకి, 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఇక మన ఇళ్లల్లో ఒకటే మాట: సాఫ్ట్‌వేర్. అమీర్‌పేటలో కోచింగ్, అక్కడి నుంచి అమెరికా. కానీ ఆ సాఫ్ట్‌వేర్ కలకీ, ఊళ్లో ఉన్న గవర్నమెంట్ బడికీ మధ్య వైరు లేదు. మరి ఆ బడికి ఏం ఇచ్చారు? టీవీ ఇచ్చారు.

నిజమండి. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన టీవీ అని ఒక ఛానల్ పెట్టారు, ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పడానికి. 2004 సెప్టెంబర్ 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. కేవలం చదువు కోసం మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. ఐడియా గొప్పది. హైదరాబాద్ స్టూడియోలో మంచి టీచర్ ఒకరు లెక్కలు చెబితే వేల బళ్లలో పిల్లలు చూస్తారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ టీచర్ చెప్పింది అర్థం కాకపోతే, ఆఖరి బెంచీలో కూర్చున్న అమ్మాయి ఏం చేయాలి? టీవీని అడగలేదు కదా. పాఠం పై నుంచి కిందికి వస్తుంది. ప్రశ్న కింది నుంచి పైకి వెళ్లే దారి మాత్రం చాలా సన్నం. ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది నిజానికి ఇదే.

సరే, కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. 2004 డిసెంబర్‌లో కేంద్రం 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం తెచ్చింది. దాని కింద మన రాష్ట్రంలో 2008లో 5 వేల హైస్కూళ్లలో కంప్యూటర్ ల్యాబ్‌లు పెట్టారు. నేను ఇందాక చెప్పిన మా బళ్లో గది ఆ కాలందే. ఆ పథకం ఎలా పనిచేసిందో తెలిస్తే తాళం గొడవ మీకు అర్థమవుతుంది.

దాన్ని బూట్ పద్ధతి అంటారు. అంటే ప్రైవేట్ కంపెనీ సొంత ఖర్చుతో ల్యాబ్ పెడుతుంది, ఐదేళ్లు నడుపుతుంది, ప్రభుత్వం విడతలవారీగా డబ్బు కడుతుంది, ఐదేళ్ల తర్వాత సామాను బడికి అప్పజెప్పేస్తారు. పాఠం చెప్పడానికి కూడా కంపెనీయే తక్కువ జీతానికి బయటి నుంచి కుర్రాళ్లని, అమ్మాయిల్ని పెట్టుకుంది. ఇప్పుడు చూడండి ఏమవుతుందో. కంప్యూటర్లు కంపెనీవి. పోతే సమాధానం చెప్పాల్సింది వాళ్లే. కాబట్టి తాళం వాళ్ల మనిషి దగ్గర. సైన్స్ మేడంకి పిల్లలకి గుండె ఎలా కొట్టుకుంటుందో చూపించాలని ఉన్నా ఆ గది ఆవిడది కాదు. లెక్కల సార్‌కి ఆ గదితో పనే లేదు. కంప్యూటర్ అనేది విడిగా ఇంకో సబ్జెక్ట్ అయిపోయింది. మిగతా సబ్జెక్టులు నేర్చుకునే దారి కాలేదు.

2013లో ఐదేళ్లు అయిపోయాయి. కంపెనీలు వెళ్లిపోయాయి. ఆ ఇన్‌స్ట్రక్టర్లు వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు, మమ్మల్ని కొనసాగించండి అని ధర్నాలు చేశారు. తాళం చెవి అప్పుడు హెడ్మాస్టర్ చేతికొచ్చింది. కానీ తెరిచి ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి, కీబోర్డుల్లో ఎలుకలు. చాలా బళ్లలో ఆ గది స్టోర్ రూమ్ అయింది.

ఇదే టైంలో కేరళ ఏం చేసిందో చూడండి. అక్కడ 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' అని మొదలుపెట్టారు. బయటి కంపెనీ మనుషుల్ని తేకుండా, పనిచేస్తున్న స్కూల్ టీచర్లలోనే కొందరికి బాగా నేర్పించి మాస్టర్ ట్రైనర్లని చేశారు. వాళ్లు మిగతా టీచర్లకి నేర్పారు. సాఫ్ట్‌వేర్ కూడా డబ్బు కట్టక్కర్లేనిది, అందరూ మార్చుకోగలిగేది తీసుకున్నారు. 2017లో ఆ ప్రాజెక్టే కైట్ అనే సంస్థ అయింది. మలయాళం టీచర్ కూడా కంప్యూటర్ ముట్టుకునే పరిస్థితి అక్కడ ముందే వచ్చింది. కేరళలో అంతా బ్రహ్మాండం అని నేను అనట్లేదు. తాళం ఎవరికిచ్చారు అన్న ఒక్క తేడా చూడమంటున్నా.

మరి మా తరం ఇంటర్నెట్ మొదటిసారి ఎక్కడ చూసింది? టెన్త్ రిజల్ట్స్ రోజు, నెట్ సెంటర్‌లో. ఇది మీలో చాలామంది అన్నయ్యలకి, అక్కలకి గుర్తుంటుంది, అడగండి. చిన్న గది, ఆరు కంప్యూటర్లు, బయట యాభై మంది. చేతిలో హాల్‌టికెట్ నంబర్ రాసుకున్న చీటీ. పది రూపాయలు ఇస్తే సెంటర్ అన్న నంబర్ కొట్టేవాడు. సైట్ ఓపెన్ అవదు. మళ్లీ కొట్టు, మళ్లీ కొట్టు. పదేళ్లు బడికి వెళ్లాను, ఆ చదువు ఫలితం మాత్రం బడి బయట, పది రూపాయలకి, వేరేవాడి వేలితో చూసుకున్నాను. నా జీవితంలో మొదటి ఇంటర్నెట్ అది.

తర్వాత కథ చాలా స్పీడుగా మారింది. ఒక తేదీ చెబుతా, 2016 సెప్టెంబర్ 5. ఆరోజు ఏంటో స్కూల్ పిల్లలందరికీ తెలుసు, టీచర్స్ డే. అదే రోజు జియో మొదలైంది. మొదటి నెలలు ఫ్రీ. అంతవరకూ నెలకి ఒక జీబీని పొదుపుగా వాడుకున్న మనం ఒక్కసారిగా రోజుకి జీబీల లెక్కకి వచ్చేశాం. సరిగ్గా ఏడాదికి, 2017 సెప్టెంబర్ 5న, ఉపరాష్ట్రపతిగా ఉన్న మన వెంకయ్య నాయుడు గారు దీక్ష అనే ప్లాట్‌ఫామ్‌ని ప్రారంభించారు. టీచర్లకి, పిల్లలకి పాఠాలు ఫోన్‌లో అందించడానికి. అదే ఏడాది డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు.

ఈ ఫైబర్‌నెట్‌లో నాకు చాలా నచ్చే విషయం ఒకటుంది. రాష్ట్రమంతా నేల తవ్వి కేబుల్ వేయాలంటే ఏళ్లు పడుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఉన్న కరెంటు స్తంభాల మీదే సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. ఇక్కడ నిలబడి చూస్తే భలే అనిపిస్తుంది. ఈ థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. ఇలాంటి స్టేషన్ల నుంచి ఊరూరికి కరెంటు పోవడానికి పాతిన స్తంభాలే నలభై ఏళ్ల తర్వాత ఇంటర్నెట్‌ని మోశాయి. ఆ ఫైబర్ మీదే హైస్కూళ్లలో వర్చువల్ క్లాస్‌రూమ్‌లు కూడా పెట్టారు.

మరి ఆ రోజుల్లో క్లాసులో జరిగింది ఏంటి? పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. ఇలా పుస్తకాల్లో కోడ్‌లు పెట్టిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. పాఠం పక్కన చిన్న నలుపు తెలుపు గడి. స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. ఎవరి ఫోన్‌తో స్కాన్ చేయాలి? పిల్లలు బడికి ఫోన్ తేకూడదు. కాబట్టి టీచర్ ఫోన్‌తో. ఎవరి డేటా? టీచర్ డేటా. అంటే మన గవర్నమెంట్ క్లాస్‌రూమ్‌లోకి ఇంటర్నెట్ నిజంగా అడుగుపెట్టింది ల్యాబ్ నుంచి కాదు, ఒక మేడం హ్యాండ్‌బ్యాగ్ నుంచి. నలభై మంది పిల్లలు ఒక ఆరంగుళాల స్క్రీన్ చుట్టూ మూగడం, వెనకవాళ్లు బెంచీ ఎక్కి చూడటం. దీన్ని ఏ పథకం లెక్కల్లోనూ రాయలేదు. ఆ రీఛార్జ్ బిల్లు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఇంతలో 2020 మార్చి. బళ్లు మూతపడ్డాయి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఆ జూన్‌లో మన రాష్ట్రంలో విద్యా వారధి అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అందులో పిల్లల్ని మూడు రకాలుగా విడగొట్టారు. హైటెక్, లోటెక్, నోటెక్. ఇంట్లో కంప్యూటరో స్మార్ట్‌ఫోనో ఉండి, నెట్ ఉంటే హైటెక్. టీవీ, రేడియో మాత్రమే ఉంటే లోటెక్. ఏమీ లేకపోతే నోటెక్. లోటెక్ పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు, రేడియోలో పాఠాలు. నోటెక్ ఊళ్లకి వీడియో వ్యాన్లు పంపాలని ప్లాన్.

నిజం చెప్పాలంటే నాకు ఆ విభజన నిజాయితీగా అనిపించింది. చాలాచోట్ల అందరికీ ఆన్‌లైన్ క్లాస్ అని చెప్పి చేతులు దులుపుకున్నారు. ఇక్కడ కనీసం, నెట్ లేని పిల్లలు ఉన్నారు అని కాగితం మీద ఒప్పుకున్నారు. కానీ ఆ మూడు డబ్బాల్లో పట్టని పిల్లలు ఉన్నారు. మా పక్కింటి అబ్బాయి అప్పుడు తొమ్మిదో తరగతి. లిస్టులో వాడు హైటెక్, ఎందుకంటే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఆ ఒక్క ఫోనూ వాళ్ల నాన్న జేబులో ఉంటుంది, ఆయన ఆటో తోలతాడు. పొద్దున తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూప్‌లో సార్ పెట్టిన వీడియో వీడు రాత్రి తొమ్మిదింటికి చూసేవాడు. అప్పటికి రోజూ వచ్చే డేటాలో మిగిలింది ఎంత? చూసినా, డౌట్ అడుగుదామంటే గ్రూప్‌లో మెసేజ్‌లు ఎక్కడికో వెళ్లిపోయి ఉండేవి. "అన్నా, నేను అడిగేసరికి పాఠం పాతదైపోతుంది" అన్నాడు ఒకరోజు. నోటెక్ పిల్లాడి బాధ కనీసం లిస్టులో ఉంది. వీడి బాధ అక్కడ కూడా లేదు.

తొమ్మిది, పది తరగతులు మళ్లీ 2020 నవంబర్ 2న మొదలయ్యాయి. సెకండ్ వేవ్ వచ్చింది, మళ్లీ మూసి 2021 ఆగస్టు 16న తెరిచారు. ఆ రెండేళ్ల దెబ్బకి ప్రభుత్వాలకి ఒకటి అర్థమైంది: పిల్లల చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అలా వచ్చాయి ట్యాబ్‌లు.

2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్లకి చెప్పే టీచర్లకి కలిపి 5,18,740 ట్యాబ్‌లు ఇవ్వడం మొదలైంది. అందులో పిల్లలవి 4,59,564. తర్వాతి ఏడాది డిసెంబర్‌లో మళ్లీ 4 లక్షల పైగా ఇచ్చారు. చిన్న సంగతి కాదండి ఇది. మా కాలంలో నలుగురికి ఒక మౌస్. ఇప్పుడు కూలి పనికెళ్లే తల్లి ఇంట్లో పిల్లకి సొంత ట్యాబ్. దీన్ని ఎవరు ఇచ్చారు, ఎవరి పుట్టినరోజు అన్న రాజకీయం పక్కన పెట్టి చూస్తే అది పెద్ద అడుగు.

కానీ ఆ ట్యాబ్‌లో ఏముంది? బైజూస్ పాఠాలు, మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు. ఇంట్లో నెట్ లేకపోయినా పాఠం ఆడాలని. మంచి ఆలోచనే. పిల్లలు వేరేవి చూడకుండా లాక్ పెట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. తల్లిదండ్రుల భయం చూస్తే అది కూడా అర్థం చేసుకోవచ్చు. అయితే ఫలితం ఏంటి? మళ్లీ తాళమే. గదికి వేసే తాళం ఇప్పుడు స్క్రీన్‌కి పడింది. ట్యాబ్ చేతిలో ఉంది, పాఠం చూడొచ్చు, వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు. సొంతంగా వెతకడం, అడగడం మాత్రం కష్టం. లాక్ ఎలా తీయాలో యూట్యూబ్‌లో చూసి తీసేసిన పిల్లలు ఉన్నారు, వాళ్ల సంగతి మీకు తెలుసు! పాఠాలు ఇచ్చిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అద్దెకి తెచ్చుకున్న చదువుతో వచ్చే చిక్కు ఇది, 2013లో ల్యాబ్‌లకి జరిగింది ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇప్పుడు బొమ్మని తిరగేసి చూద్దాం. ఇప్పటిదాకా చెప్పిందంతా పై నుంచి కిందికి వచ్చింది. కింది నుంచి పైకి ఏమీ వెళ్లలేదా? వెళ్లింది. బోలెడు వెళ్లింది. మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారో యాప్‌లో పెట్టాలి. బాత్రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయని ఫొటో తీసి పెట్టాల్సి వచ్చేది. 2022 ఆగస్టులో టీచర్ల హాజరుకి ముఖం చూపించే యాప్ వచ్చింది. మా సొంత ఫోన్, సొంత డేటా ఎందుకు వాడాలి అని టీచర్ల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. సిగ్నల్ లేని ఊళ్లలో సార్లు ఫోన్ పైకెత్తి గ్రౌండ్ అంతా తిరగడం మీరు చూసే ఉంటారు. 2025లో ఈ యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకే యాప్ చేశారు, కొంత భారం తగ్గింది.

సో, లెక్క చూసుకోండి. నెట్‌లో పాఠం కిందికి వస్తోంది, రిపోర్ట్ పైకి వెళ్తోంది. పిల్లల ప్రశ్న మాత్రం ఎటూ పోవట్లేదు, క్లాసులోనే ఉండిపోయింది.

ప్రశ్న కదిలితే ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను. 2023 జనవరిలో, ఇక్కడికి దగ్గర్లోనే ఒక హైస్కూల్‌కి వెళ్లాను. ఏడో తరగతి, సోషల్ మేడం కరెంటు గురించి చెబుతున్నారు. కిటికీలోంచి చూస్తే థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు కనిపిస్తాయి. ఒక పిల్ల లేచింది. "మేడం, ఇక్కడ బొగ్గు గనులు లేవు కదా, మరి ఈ బొగ్గంతా ఎక్కడి నుంచి వస్తుందండి?" అంది. మేడం "ఏమోనమ్మా, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" అన్న మాట నాకు భలే నచ్చింది. తన ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీచర్ ట్యాబ్‌కి కనెక్ట్ చేసి, ఆ పిల్ల చేతికే ఇచ్చారు, నువ్వే వెతుకు అని. సింగరేణి వచ్చింది, ఒడిశాలో తాల్చేరు వచ్చింది. మ్యాప్ తీశారు. తాల్చేరు నుంచి రైలు ఏ దారిన వస్తుందో వేలితో గీశారు. వెనక నుంచి ఒకడు, "మరి బూడిద ఎటు పోతుంది మేడం?" అన్నాడు. ఇంక క్లాస్ ఆగలేదు. వాళ్ల ఇళ్ల మీద పడే బూడిద కదా, అందరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంది. ఇరవై నిమిషాలు. ఎంత డేటా అయ్యుంటుంది? మనం ఒక రీల్స్ సెషన్‌లో కాల్చేసే దాంట్లో పదో వంతు కూడా కాదు.

అదే ఏడాది జులైలో యునెస్కో ఒక పెద్ద రిపోర్ట్ ఇచ్చింది, చదువులో టెక్నాలజీ మీద. నిజంగా పనికొచ్చినప్పుడే వాడండి, ఫోన్ పిల్లల ధ్యాస చెడగొడుతుంది అని అందులో హెచ్చరించారు. ఆగస్టు చివర్లో మన రాష్ట్రంలో ఆర్డర్ వచ్చింది. పిల్లలు బడికి ఫోన్ తేకూడదు, టీచర్లు కూడా క్లాసులోకి తీసుకెళ్లకూడదు, హెడ్మాస్టర్ దగ్గర పెట్టేయాలి. కారణం లేని ఆర్డర్ అని నేను అనను. క్లాసులో ఫోన్ చూసుకుంటూ కూర్చునే సార్లు లేరా? ఉన్నారు. కానీ ఆ మేడం హాట్‌స్పాట్ కూడా అదే డబ్బాలోకి పోయింది కదా. ముఖం చూపించి హాజరు వేయడానికి ఫోన్ కావాలి. పిల్ల అడిగిన దానికి జవాబు వెతకడానికి మాత్రం ఫోన్ వద్దు. అదే రోజుల్లో నాడు-నేడు కింద బళ్లకి 30 వేలకు పైగా పెద్ద టచ్ స్క్రీన్లు వచ్చాయి. వాటికి నెట్ బాగా ఉన్న బళ్లలో ఇబ్బంది లేదు. లేనిచోట అది మళ్లీ పెద్ద టీవీనే.

మీరు అడగొచ్చు, ఇప్పుడు పరిస్థితి మారింది కదా అని. మారింది. కేంద్రం లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బళ్లు 2021-22లో 33.9 శాతం, 2024-25కి 63.5 శాతం అయ్యాయి. మూడేళ్లలో దాదాపు రెట్టింపు. సంతోషించాల్సిందే. కానీ "ఈ బళ్లో ఇంటర్నెట్ ఉందా" అన్న ప్రశ్నకి ఆఫీస్ గదిలో ఒక కనెక్షన్ ఉన్నా ఉంది అనే రాస్తారు.

ఇప్పుడు ఫెర్రీ దగ్గరికి వచ్చాను. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్లు ఇక్కడే కృష్ణలో కలుస్తున్నాయి. ఇక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీకి, అక్కడి నుంచి కాలువల్లోకి. డెల్టాలో పుట్టినవాళ్లకి ఒక విషయం చెప్పక్కర్లేదు. బ్యారేజీ నిండుగా ఉందని పేపర్లో వచ్చినంత మాత్రాన శివారు రైతుకి నీళ్లు అందినట్టు కాదు. పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె, అన్నీ దాటి ఆఖరి మడి తడిస్తేనే లెక్క. మన బళ్లలో నెట్ కూడా అంతే. ఉపగ్రహం ఎగిరింది, ఫైబర్ వచ్చింది, ట్యాబ్ వచ్చింది, అంతా నిజం. ఆఖరి బెంచీ తడిసిందా? శివారు అదే.

ఒక్క తేడా ఉంది. కాలువలో నీళ్లు కిందికే పోతాయి. ఇంటర్నెట్ అలా పుట్టలేదు, రెండువైపులా పోవడానికే పుట్టింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. దాంట్లో వ్యాసాలు రాసింది మీలాంటి, నాలాంటి మామూలు మనుషులే. మీ ఊరి గురించి అందులో ఉన్నది తప్పైతే ఎనిమిదో తరగతి పిల్ల దాన్ని సరిచేయొచ్చు. బడిలో ఆ పని వారానికి ఒక్క పీరియడ్ చేయించినా, ఆ పిల్లకి నెట్ అంటే చూసేది మాత్రమే కాదని తెలుస్తుంది. దానికి కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న కనెక్షన్ క్లాసుదాకా లాగాలి, టీచర్ సొంత జేబు మీద పడకూడదు, "ఏమోనమ్మా, చూద్దాం" అనగలిగే టీచర్‌కి ఆ స్వేచ్ఛ ఇవ్వాలి.

మా హైస్కూల్‌కి మొన్న వెళ్లాను. ఆ కంప్యూటర్ గది ఇంకా ఉంది. కొత్త రంగు వేశారు. తాళం వేసి ఉంది. అటెండర్ అన్నని అడిగితే, "సార్ దగ్గరుంటుందమ్మా, సార్ మీటింగ్‌కి వెళ్లారు" అన్నాడు.

మీ బళ్లో తాళం ఎవరి దగ్గర ఉండేది? ఇప్పుడు గవర్నమెంట్ స్కూల్లో చదువుతున్నవాళ్లు ఎవరైనా చూస్తుంటే, మీ క్లాసులో నెట్‌తో మీరు అడిగి తెలుసుకున్న ఒక్క విషయం చెప్పండి. చూసింది కాదు, అడిగింది. టీచర్లు ఎవరైనా చూస్తుంటే, పోయిన నెల పాఠం కోసం మీ సొంత డేటా ఎంత అయిందో చెప్పండి. ఈ కథలో రాయకుండా వదిలేసిన లెక్క అదొక్కటే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.